దేవన్న దూప

బోధన్ పట్టణం చివర, చెరుకు బండ్లు ఫ్యాక్టరీకి పోయే బాట పక్కన ఒక తాలీం ఉండేది. పందొమ్మిది వందల అరవైల నాటి మాట. తెల్లవారుతూనే కుస్తీ నేర్చుకునే పడుచువాళ్లు లంగోటీలు బిగించి అక్కడి ఎర్రమట్టి తవ్వేవారు. ఆ మట్టికి జరిగే మర్యాద కొత్తల్లుడికి కూడా జరగదు. నువ్వుల నూనె పోస్తారు, పసుపు చల్లుతారు, కుండెడు మజ్జిగ పోసి మెత్తగా కలుపుతారు. ఆ మట్టిలో పొర్లి చెమటతో తడిసిన మనిషికి మాత్రం ఎంత దూపైనా, దాహంతో నోరెండినా, గుక్కెడు మంచినీళ్లు ఇవ్వరు. కసరత్తు చేసేటప్పుడు నీళ్లు తాగితే ఒళ్లు సడలుతుందని, పట్టు వదులవుతుందని నమ్మకం. నీళ్లడిగినవాణ్ణి మిగతావాళ్లు రోజంతా ఎగతాళి చేసేవారు. దారిన పోయే పెద్దమనుషులు చూసి నవ్వుకునేవారు. అందులో తప్పుందని అప్పుడు ఎవరికీ తోచలేదు. మనం ఉన్నా మనకూ తోచేది కాదు.

తాలీం ఉస్తాద్ పోశన్న మంచి మనిషి. ఎవరికైనా కీలు తప్పితే తన చేత్తోనే సరిచేసి, పసుపు పట్టు వేసి, ఇంటిదాకా దిగబెట్టి వచ్చేవాడు. నీళ్ల దగ్గర మాత్రం కరిగేవాడు కాదు. ఆయన ఉస్తాద్ ఆయనకు అట్లాగే నేర్పాడు. ఆ ఉస్తాద్‌కు ఆయన ఉస్తాద్ అట్లాగే నేర్పాడు. చెడ్డవాడు చెప్పిన తప్పును ఎవరైనా కాదనగలరు. మంచివాళ్ల చేతుల మీదుగా వచ్చిన తప్పును కాదనడానికి మనసొప్పదు.

పోశన్న శిష్యుల్లో మేటి దేవన్న. చెరుకు పండించే ఇంటివాడు, మంచి ఎడ్లున్నవాడు, కొత్తగా పెళ్లయినవాడు. ఆ ఎండాకాలం గోదావరి, మంజీర కలిసే కందకుర్తి దగ్గర ఇసుకలో పెద్ద కుస్తీలు పెట్టారు. గెలిచినవాడికి వెండి కడియం. పోశన్న తాలీంకు ఆ కడియం ఎన్నడూ రాలేదు. ఉస్తాద్ ముసలివాడవుతున్నాడు, ఆయన కళ్లు చూస్తుండగానే అది తొడుక్కోవాలని దేవన్న పట్టుబట్టాడు.

పెద్ద కుస్తీ ముందు ఆ తాలీంలో ‘ఒళ్లు ఎండగట్టుడు’ అనే ఆచారం ఒకటి ఉండేది. పహిల్వాన్ ఉప్పు మానేయాలి. నీళ్లు పొద్దున ఒకసారి, మాపున ఒకసారి పెదవులు తడిసేటంత తాగాలి. దండీలు, బైఠకులు మాత్రం రెట్టింపు తీయాలి. దేవన్న అన్నీ నిష్ఠగా చేశాడు. నాలుక పిడచగట్టినా, తల పగిలిపోతున్నా అది ఒళ్లు గట్టిపడే గుర్తేననుకున్నాడు. మూత్రం బెల్లం పాకం రంగులో వస్తున్నదని భార్య రుక్మాబాయికి చెప్పి, లోపలి మలినం పోతున్నదని సంతోషించాడు కూడా.

రుక్మాబాయి సంతోషించలేదు. మజ్జిగలో ఉప్పేసి చేతికిస్తే తోసేశాడు. మరునాడు అతడు ఎడ్లను తొట్టి దగ్గరికి తోలుకుపోతుంటే ఆమె ఉండబట్టలేక అడిగింది.

"ఎడ్లకు నీల్లు తాపకుంట బండి కడ్తవా?"

"ఎట్ల గడ్త? సగం తొవ్వల పడిపోవూ?"

"మరి నువ్వు పడిపోవా?"

దేవన్న నవ్వాడు. మనిషికీ ఎద్దుకూ పౌరుషంలోనే తేడా ఉందన్నాడు. ఎద్దుకు ఆ పౌరుషం లేకపోవడమే దాని అదృష్టమని ఆమెకు అనిపించింది గానీ, మగవాళ్ల వ్యవహారమని ఊరుకుంది.

కుస్తీ నాడు పొద్దింకా నడినెత్తిన ఉండగానే డోలు మోగింది. దేవన్నకు జోడీ బిలోలి వైపు నుంచి వచ్చిన ధోండిబా. మరాఠీ మనిషి, నెమ్మదస్తుడు, అతనికీ ఆ కడియం మీద ఏండ్లనాటి ఆశ. మొదట్లో దేవన్నదే పైచేయి. జనం ఈలలు వేశారు. కాసేపటికి అతని పిక్కలు పట్టేశాయి, కళ్లు మసకబారాయి. డోలు ఎక్కడో దూరంగా మోగుతున్నట్టు వినబడింది. ధోండిబా వెనక నుంచి నడుము చుట్టి ఎత్తాడు. ఇక వెల్లకిలా వేయడమే తరువాయి, కడియం అతనిదే.

వేయలేదు. పాలకుండను దించినట్టు దేవన్నను ఇసుక మీదికి దించాడు.

"ఆపుండ్రి. ఈనకు చెమట లేదు. ఒళ్లు పెనం లెక్క కాలుతుంది. పానీ తెండి."

జనం వెక్కిరించారు. ధోండిబా వెంట వచ్చినవాళ్లే చేతికొచ్చిన కుస్తీని పాడుచేశాడని తిట్టారు. పోశన్న ఇది ఏదో ఎత్తుగడ అనుకుని పరుగెత్తుకొచ్చాడు. నీళ్లు పోస్తే ఊరుకోనని, మావాడు లేచి ఆడతాడని అడ్డం నిలబడ్డాడు. ధోండిబా ఆయనతో వాదులాట పెట్టుకోలేదు. స్పృహ తప్పుతున్న దేవన్నను భుజాన వేసుకుని, జనాన్ని తోసుకుంటూ పోయి గోదావరిలో దిగాడు. మోకాటి లోతు నీళ్లలో పడుకోబెట్టి, తల మునగకుండా తన అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు. కుస్తీ చూడవచ్చిన జనంలోంచి రుక్మాబాయి పరుగెత్తుకొచ్చి, కొంగు తడిపి మొగుడి నెత్తిన వేసింది. అతడు కళ్లు తెరిచాకే గుటక గుటకగా నీళ్లు తాగించారు. తరువాత ఎవరిదో లారీలో నిజామాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరమ్మ చెప్పింది. పోశన్నను కూర్చోబెట్టి ఓపికగా వివరించింది. కండ పనిచేస్తే వేడి పుడుతుంది. నెత్తురు ఆ వేడిని చర్మం దాకా మోసుకొస్తుంది, చెమట దాన్ని బయటికి పంపుతుంది. ఒంట్లో నీరు తగ్గితే నెత్తురు తగ్గుతుంది. గుండె ఎంత పరుగెత్తినా కండకు అందవలసింది అందదు. ఉప్పూ నీరూ చెమటలో పోయి తిరిగి చేరకపోతే పిక్కలు కూడా పట్టేయవచ్చు. అంతా విని పోశన్న ఒకే ఒక ప్రశ్న అడిగాడు. నీళ్లు తాగకపోతేనే పట్టు సడలుతుందా అని. అవునని ఆమె చెప్పింది. ఆయన చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. ఆ చేతులతో ఎంతమంది నోటి దగ్గరి చెంబు లాగేశాడో ఆయనకే తెలుసు.

వరండాలో బంధువులు తప్పెవరిదని తగువులాడుకుంటున్నారు. రుక్మాబాయి వాళ్ల మధ్యకు వచ్చింది.

"తప్పు ఎవలిదని అందరెతుకుతున్రు. పాణం నిలవెట్టిన మనిషిని ఒక్కలన్న తల్సుకున్రా? ముందుగాల ఆయనకు మొక్కుదాం పాండ్రి."

ఆ మాట అందరికంటే పోశన్నకు గట్టిగా తగిలింది. ఒక తాలీం ఉస్తాద్ ఇంకో తాలీం పహిల్వాన్ గడప తొక్కి తల వంచడం ఆ రోజుల్లో ఎవరూ ఎరగరు. దేవన్న లేచి తిరగగానే పోశన్న శిష్యులందరినీ వెంటబెట్టుకుని, బెల్లం, పసుపు, కొత్త రుమాలు తీసుకుని బిలోలి బయలుదేరాడు.

ధోండిబా తాలీంలో కసరత్తు చేస్తున్నాడు. ఇంతమంది వచ్చేసరికి తగువుకొచ్చారని అతని మనుషులు లేచి నిలబడ్డారు. దేవన్న ముందుకు పోయి అతని కాళ్లకు మొక్కబోతే ధోండిబా పట్టుకుని లేపాడు. అసలు సంగతి ఎట్లా కనిపెట్టావని పోశన్న అడిగాడు.

"నాకేం తెల్వది ఉస్తాద్. చెమట ఒంటి మీద పట్టు జారాలె. ఆనాడు జారలే. చెయ్యికి భయమైంది," అన్నాడు అతడు సిగ్గుపడుతూ.

పోశన్న కళ్లు తుడుచుకుని, తన చేత్తో అతని తలకు రుమాలు చుట్టాడు. రెండు తాలీంల పిల్లలూ చూస్తుండగా చెంబుతో నీళ్లు తెప్పించుకుని దేవన్న చేతికిచ్చాడు. దేవన్న అలవాటు చొప్పున ఒక్క క్షణం వెనకాడి, తరువాత గటగటా తాగాడు. ఈయన దేవన్నను ఒక్కణ్ణే కాదు, నన్ను గూడ పాపం నుంచి కాపాడిండని పోశన్న అక్కడున్నవాళ్లకు చెప్పాడు. ఈ మేలు జన్మలో తీరేది కాదన్నాడు. తరువాత తన శిష్యుల వైపు తిరిగాడు.

"నాకు నేర్పినోల్లు మంచోల్లే, నేను గూడ మీ మంచికే చెప్పిన. అయినా తప్పు తప్పే. కష్టానికి ఓర్సుకోండ్రి, దెబ్బకు ఓర్సుకోండ్రి. ఒళ్లు దూపని అడిగితే మాత్రం నీల్లియ్యిండ్రి, దాంట్ల సిగ్గు లేదు. పక్కోని దూప జూసి నవ్వేటోడు పహిల్వాన్ కాడు. పక్కోని దూప కనిపెట్టి, చేతికొచ్చిన కడియం ఇడిశిపెట్టేటోడు పహిల్వాన్."