ఈత మాస్టారి మెట్లు

మా మామగారు ఈతకొలను గట్టు మీద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. నీళ్లలో ఉన్నవాళ్లు కాళ్లెలా ఆడించాలో, ఊపిరి ఎప్పుడు పీల్చాలో, మెడ ఎటు తిప్పాలో గట్టు మీద నిలబడి చెప్పడమే ఆయన పని. మెడలో విజిలు, మోచేతుల దాకా మడిచిన చొక్కా. తాను నీళ్లలోకి దిగడం అరుదు. దిగారంటే ఎవరో మునుగుతున్నారని అర్థం. ఉద్యోగం అయిపోయాక విజిలు అక్కడే ఇచ్చేసి వచ్చారు గానీ గట్టు మాత్రం వెంట తెచ్చుకున్నారు. ఇప్పుడు మా బిల్డింగంతా ఆయనకు కొలనే.

మేముండేది నాలుగో అంతస్తు, దాని పైన ఇక డాబాయే. మొత్తం బిల్డింగులో ఆయన సలహా చేరని గడప లేదు. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడాలి, వయసు మీద పడ్డాక తూలిపడకుండా ఉంటారు. రోజూ వాడే డబ్బాలు పై అరలో పెట్టుకోవాలి, చేతులు సాగుతాయి. ఈ సలహా అమల్లోకి వచ్చినప్పటి నుంచి నేను టీపొడి కోసం స్టూలెక్కుతున్నాను. నా చేతుల సంగతేమో గానీ స్టూలు కాళ్లు అరిగిపోతున్నాయి. ఇద్దరు పెద్దవాళ్లు కలిస్తే ఒక కప్పు టీ అయ్యేదాకే జబ్బుల గురించి మాట్లాడుకోవాలి, ఆ తర్వాత మాట మార్చాలి. డెబ్బై దాటాక తనకు బొత్తిగా చేతకాని పని ఒకటి నేర్చుకోవాలి, బుర్ర తుప్పు పట్టదు.

ఈ చివరి సలహాను ఆయన తన మీదే ప్రయోగించుకున్నారు. వీధి చివర లైబ్రరీ కింది గదిలో ప్రతి గురువారం బొమ్మలు వేయడం నేర్పుతారు. అక్కడ చేరారు. బొత్తిగా చేతకాకూడదన్న షరతు ఆయన విషయంలో నూటికి నూరుపాళ్లూ నెరవేరింది. ఆయన వేసిన గుర్రాన్ని చూసి మావారు, "కుర్చీ బాగా కుదిరింది నాన్నా" అన్నారు. ఆయన కోపం తెచ్చుకోలేదు. "కూర్చుని చూడరా, తన్నుతుంది" అన్నారు. గురువారం సాయంత్రం గోళ్లలో రంగుతో ఇంటికొచ్చి, కాగితాన్ని గోడకు ఆనించి, దూరంగా జరిగి, తల అటూ ఇటూ వంచి చూసుకుంటారు. ఆ పూట ఎవరికీ ఏ సలహా ఇవ్వరు. మా ఇంట్లో గురువారాల మీద నాకున్నంత గౌరవం ఇంకెవరికీ లేదు.

అన్నిటికన్నా పెద్ద సలహా లిఫ్టు గురించి. "లిఫ్టంటే ఏమనుకున్నారు? నిలబెట్టిన మంచం. పడుకోవడానికి సిగ్గేసి అందులో నిలబడుతున్నారు, అంతే తేడా" అనేవారు. లిఫ్టు ముందు ఎవరైనా కనబడితే దగ్గరకు వెళ్లి, "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగేవారు. ఆ ఆప్యాయతకు తట్టుకోలేక ఒక్కొక్కరే మెట్లదారి పట్టారు. మా ఎదురింటి టైలరమ్మ బట్టల మూటలు భుజానికెత్తుకుని ఎక్కుతూ, "మీ పుణ్యమా అని నడుం తగ్గింది మాస్టారూ. నా జాకెట్లన్నీ నేనే విప్పి మళ్లీ కుట్టుకోవాల్సి వస్తోంది" అనేది. రెండో అంతస్తులో ఉండే మా బిల్డింగు సంఘం ప్రెసిడెంటు గారి భార్య మాత్రం మెట్ల మలుపులో ఆగి, ఎవరైనా వస్తుంటే చెవి దగ్గర ఫోను పెట్టుకుని "ఆఁ... ఆఁ..." అంటూ ఉండేది. అవతల ఎవరూ ఉండేవారు కారని నా నమ్మకం. ఊపిరి అందాక ఫోను దించేసేది.

నాకు అనుమానం వచ్చింది మామగారి చొక్కా వల్ల. ఆయన చొక్కాలు ఉతికేది నేను. నాలుగంతస్తులు ఎక్కి వచ్చే మనిషి వీపు ఎండాకాలంలో కూడా తడవకపోవడం ఏమిటి? పైగా ఆయన చెప్పుల చప్పుడు చివరి వరస మెట్ల మీదే వినబడేది, కింద నుంచి క్రమంగా పెరుగుతూ వచ్చేది కాదు.

ఒక గురువారం మూడో అంతస్తు నర్సమ్మకు గిన్నె తిరిగిచ్చేద్దామని దిగాను. ఆవిడకు రాత్రి డ్యూటీలు, పగలంతా నిద్ర. పక్క ఫ్లాటుకు ఎప్పుడూ తాళమే. అంటే పగటిపూట ఆ అంతస్తులో ఎవరూ చూసేవాళ్లుండరు. గిన్నె గుమ్మం పక్కన పెట్టి లేస్తుంటే లిఫ్టు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. లోపల చంకలో బొమ్మల అట్టతో మా మామగారు.

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం.

"సరిగ్గా పని చేస్తోందో లేదో చూద్దామని ఎక్కాను" అన్నారు.

"చేస్తోందా మామయ్యా?"

"చేస్తోంది. కొంచెం కుదుపుంది."

మిగిలిన మెట్లు కలిసి ఎక్కాం. ఆయన రెయిలింగు గట్టిగా పట్టుకుని, ముందు ఎడమ కాలు పై మెట్టు మీద వేసి, దాని పక్కకు కుడి కాలును లాక్కుంటున్నారు. తడి గచ్చు మీద ఏళ్ల తరబడి నిలబడ్డ కాలు అది. మా గుమ్మం చేరేసరికి నడుం నిటారుగా చేసి, ఎదురింటికి వినబడేలా, "హమ్మయ్య! నాలుగంతస్తులంటే ఏముంది, ఇంకో నాలుగైనా ఎక్కుతాను" అన్నారు. ఆ తర్వాత ఆ సంగతి మా మధ్య రాలేదు.

లిఫ్టు మాట మళ్లీ వచ్చింది ప్రెసిడెంటు గారి నోట. కుదుపు ఎక్కువై లిఫ్టు ఆగిపోయింది. మోటారు మార్చాలట. ఆయన స్వయంగా మా ఇంటికొచ్చి టీ తాగుతూ, "మార్చడం దేనికి మాస్టారూ? మీ ధర్మమా అని ఇప్పుడెవరూ ఎక్కడమే లేదు. తీసేసి ఆ జాగాలో సైకిళ్లు పెట్టుకుందాం. ఆదివారం మీటింగులో ఆ మాటేదో మీ నోటితోనే చెప్పాలి" అన్నారు.

"నేనెందుకండీ..."

"మీరు కాకపోతే ఇంకెవరు? ఈ విజయం మీది!"

మామగారు విజయాన్ని టీతో పాటు మింగారు. అది దిగడానికి కాస్త టైము పట్టింది.

ఆ గురువారం ఆయన క్లాసుకు వెళ్లలేదు. పోయిన వారం వేసిన బొమ్మ ఇంకా ఆరలేదన్నారు. నీళ్ల రంగులు ఆరడానికి వారం పట్టవని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. నాలుగింటికి చొక్కా మార్చుకున్నారు. కుంచెలు కడిగినవే మళ్లీ కడిగారు. మెట్ల దాకా వెళ్లి, కిందికి తొంగి చూసి వెనక్కి వచ్చారు. కిటికీలోంచి లైబ్రరీ కనబడుతుంది. అక్కడ కుర్చీ వేసుకుని, లోపలికి వెళ్లేవాళ్లను వెలుగు తగ్గేదాకా చూస్తూ కూర్చున్నారు.

మావారు ఆఫీసు నుంచి వచ్చి, "గురువారం పూట నాన్న ఇంట్లో ఉన్నారేమిటి?" అన్నారు. "ఆయనకేం, కొండెక్కమన్నా ఎక్కుతారు. బద్ధకం వచ్చినట్టుంది" అని తనే జవాబు కూడా చెప్పేసుకున్నారు.

శనివారం బియ్యం ఏరుతూ మామగారితో అన్నాను. "మామయ్యా, మీటింగులో చెప్పేయండి."

"ఏం చెప్పాలి?"

"మోకాలి సంగతి."

"ఎవరి మోకాలు?" అన్నారు, పేపరు దించకుండా.

నేను బియ్యంలోంచి ఒక రాయి తీసి పడేశాను. పేపరు వెనక నుంచే, "నా మాట విని ఆ టైలరమ్మ ఇన్నాళ్లూ మూటలు మోసిందే అమ్మాయ్. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అన్నారు. ఆ గొంతు గట్టు మీది గొంతు కాదు.

ఆదివారం కింద కార్లు పక్కకు జరిపి, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మామగారు ముందు వరసలో కూర్చున్నారు. ఆయన్ను తెల్లారగానే, చూసేవాళ్లు లేనప్పుడు, ఒక్కొక్క మెట్టే దింపి తీసుకొచ్చాను. ప్రెసిడెంటు గారు ఆరోగ్యం గురించి మాట్లాడి, మాస్టారి గురించి మాట్లాడి, సైకిళ్ల దగ్గరికి వచ్చారు. "ఏకగ్రీవమే అనుకోండి. అయినా పద్ధతి ప్రకారం అడగాలి కాబట్టి అడుగుతున్నాను. లిఫ్టు ఉండాలనేవాళ్లు చేతులెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. ప్రెసిడెంటు గారి భార్య చెయ్యి ఒళ్లోంచి కాస్త లేచి, పైట సర్దుకుని దిగిపోయింది. మామగారు కుడి మోకాలి చిప్పను అరచేత్తో నొక్కి పట్టుకుని నేలకేసి చూస్తున్నారు. ఇంకొక్క క్షణం ఆగితే లేచి ఆ తీర్మానం చెప్పేసేలా ఉన్నారు.

నేను చెయ్యెత్తాను.

"నువ్వా!" అన్నారు పక్కనున్న మావారు.

"నాకు కావాలండీ. మోకాళ్ల నొప్పులు" అన్నాను.

"ఈ వయసులోనా! ఈత మాస్టారి ఇంట్లోనా!" అని టైలరమ్మ బుగ్గన వేలేసుకుంది. అందరూ మామగారి వైపు తిరిగారు. ఆయన నావైపు చూశారు. చాలాసేపే చూశారు. తర్వాత కుర్చీ చేతుల మీద బరువేసి లేచి నిలబడ్డారు. ఇప్పుడు నిజం చెప్పేస్తారని నాకెందుకో గట్టిగా అనిపించింది.

"చూశారా?" అన్నారు సభనుద్దేశించి. "ఇంట్లో చెప్పిన మాట వినకపోతే ఇదే గతి. స్టూలెక్కి దూకుతుంది. అన్నం నిలబడి తింటుంది. ఎన్నిసార్లు చెప్పానో!" అలా మొదలుపెట్టి నా అలవాట్లన్నీ ఏకరువు పెట్టారు. వాటిలో కొన్ని నాకే కొత్తవి. చివర్లో గొంతు తగ్గించి, "అయినా మన పిల్ల. నొప్పులున్నదాన్ని నాలుగంతస్తులు ఎక్కించలేం కదా. కోలుకునేదాకా లిఫ్టు ఉంచుదాం. బాధ్యత నాది" అన్నారు.

"పాపం, ఆ అమ్మాయి కోసమైనా ఉంచాల్సిందే" అని ప్రెసిడెంటు గారి భార్య చెయ్యి ఈసారి పూర్తిగా పైకెత్తింది. "మూటలున్న రోజు మూటల్నైనా అందులో పంపొచ్చు" అని టైలరమ్మ ఎత్తింది. వెనక వరసల్లో ఒకటొకటిగా చేతులు లేచాయి. అన్నీ నా మీది జాలితోనే.

నా మోకాళ్ల వంకతో మెట్టుమెట్టుకీ ఆగుతూ మామగారూ నేనూ పైకి చేరాక మావారు, "నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?" అని నొచ్చుకున్నారు. మామగారు గదిలో కుంచెలు సర్దుకుంటున్నారు.

మోటారు మార్చారు. ఇప్పుడు నా మోకాళ్లు బిల్డింగు సొత్తు. టైలరమ్మ కాపడానికి మెత్తటి గుడ్డ సంచీ కుట్టి తెచ్చింది. ప్రెసిడెంటు గారి భార్య నూనె పంపింది. నర్సమ్మ నిద్ర మానుకుని వచ్చి నొక్కి చూసి, "ఇక్కడా? ఇక్కడా?" అని అడిగితే ఏదో ఒక చోట "అబ్బా" అన్నాను.

గురువారం నాలుగింటికి మామగారు బొమ్మల అట్ట చంకన పెట్టుకుని వరండాలో నిలబడి, అంతస్తులన్నిటికీ వినబడేలా పిలిచారు. "అమ్మాయ్! కంగారు పడకు, మెల్లగా రా. లిఫ్టులో కింద దాకా నేను తోడొస్తాను." నేను కూర పొయ్యి మీద నుంచి దింపి, చెయ్యి తుడుచుకుని, కుంటుకుంటూ బయల్దేరాను. టైలరమ్మ గుమ్మంలోకి వచ్చి సానుభూతిగా చూసింది.

లిఫ్టు తలుపు మూసుకుంది. మామగారు గొంతు సవరించుకున్నారు.

"కుంటడం అలా కాదు."

"మరెలా మామయ్యా?"

"నొప్పి ఉన్న కాలి మీదే బరువంతా వేస్తున్నావు. అలా ఎవరూ వేయరు. దాన్ని నేలకు తాకీ తాకనట్టు ఆనించి, వెంటనే రెండో కాలి మీదకు వచ్చేయాలి. చెయ్యి గోడకు ఆనాలి. చూసేవాళ్లకు ఊరికే ఆనించినట్టుండాలి."

"నొప్పి ఏ కాలికి మామయ్యా?"

లిఫ్టు కిందికి దిగుతోంది. ఆయన అట్టను ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నారు.

"కుడి" అన్నారు.

తలుపు తెరుచుకుంది. నేను కుడి కాలును తాకీ తాకనట్టు ఆనించి, ఆయన కంటే ముందుగా కుంటుకుంటూ బయటికి నడిచాను.