పద్నాలుగో వరుస కిటికీ

నాగూర్ వలికి బస్సు పడదు. నరసరావుపేటలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే మనిషి, ఎంత మొండి మోటారైనా ఆయన చేతిలో మాట వింటుంది. బస్సు ఊరి పొలిమేర దాటితే మాత్రం సొంత కడుపే ఆయన మాట వినదు. అందుకని పెళ్ళయిన నాటి నుంచీ కిటికీ పక్కన ఆయన, ఇవతల ఆయన భార్య షాహిదా. ఆమె సంచిలో ఎప్పుడూ ఒక నిమ్మకాయ ఉంటుంది, మొగుడికి వాసన చూపించడానికి.

మాచర్ల బస్సు స్టాండులోకి తిరుగుతుండగానే వెంట పరిగెత్తి, కిటికీలోంచి తువ్వాలు విసరడంలో ఆయనంతటి వాడు లేడు. తువ్వాలు పడిందంటే సీటు మనదే. ఎంత పెద్దమనిషైనా దాన్ని తీసి కూర్చోడు, పల్నాటిలో అదొక మర్యాద. అంత కష్టపడి పట్టిన సీట్లో షాహిదాకు దక్కేదేమిటయ్యా అంటే, మొగుడి భుజం మీదుగా కనిపించే ఇంత ముక్క ఆకాశం. ఆమె ఏనాడూ కిటికీ అడగలేదు. వాంతి చేసుకునే మనిషిని లేపి నేను కూర్చుంటానని ఏ ఆడది అంటుంది చెప్పండి? అడగలేదు గానీ, ఆశ లేదని మాత్రం అనకండి.

ఇప్పుడు ఇద్దరూ ఉమ్రాకు, అదే మక్కా యాత్రకు, బయల్దేరారు. ట్రావెల్స్ వాడు చవక విమానానికి టికెట్లు తీశాడు. హైదరాబాదు నుంచి మదీనా దాకా ఒకటే ఎగరడం, తెల్లారి ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతారు. లోపల అన్నం పెట్టరు, దుప్పటి ఇవ్వరు, మంచినీళ్ళ సీసా కూడా కొనుక్కోవాలి. పక్కపక్క సీట్లు కావాలంటే దానికీ వేరే రేటు. "ఆ దండగ మనకెందుకు? ఎక్కినాక నే చూసుకుంటాగా," అన్నాడు నాగూర్ వలి. దాంతో కంప్యూటరు దానికి తోచినట్టు సీట్లు పంచింది.

ఎయిర్‌పోర్టు లైనులో మాచర్ల అమ్మాయి హిమజ పలకరించింది. మదీనా ఊరవతల ఆస్పత్రిలో నర్సు, సెలవు అయిపోయి తిరిగి వెళ్తోంది. వీళ్ళ బోర్డింగ్ పాసులు చూసి, "పిన్నీ, నీది పద్నాలుగో వరస, కిటికీ సీటు. నీ పక్కనే నేను. బాబాయిది చానా ఎనక, నడిమి సీటు," అని చెప్పింది.

కిటికీ సీటు! షాహిదా గుండె చిన్నపిల్ల గుండెలా గంతులేసింది. ఉమ్రాకు పోతూ ఈ యావేందని తనను తానే కసురుకుంది. అయినా ఆ పాసును మొగుడి జేబులో పెట్టనివ్వలేదు, తన గుప్పిట్లోనే ఉంచుకుంది.

ఎయిర్‌పోర్టు బస్సు వాళ్ళను విమానం దగ్గర దించిందో లేదో, నాగూర్ వలి భుజం మీద తువ్వాలు చేతిలోకి వచ్చేసింది. "ఆగవయ్యా, ఇది మాచర్ల బస్సు కాదు!" అని షాహిదా అరుస్తూనే ఉంది. వింటేనా? పదిమందిని దాటుకుని మెట్లెక్కేశాడు. ఆమె ఆయాసపడుతూ పద్నాలుగో వరుసకు చేరేసరికి కిటికీ సీటు మీద తువ్వాలు పరిచి ఉంది, పక్క సీట్లో చేతిసంచి ఉంది, రెండింటికీ కాపలాగా ఆయన నిలబడి ఉన్నాడు.

"బాబాయ్, ఆ సంచి పెట్టింది నా సీటు," అంది హిమజ.

"తువ్వాలేశానమ్మా," అన్నాడాయన, కోర్టు తీర్పు వచ్చేసినట్టు.

వెనక జనం ఆగిపోయారు. ఎయిర్ హోస్టెస్ వచ్చి ఇంగ్లీషులో ఏదో గట్టిగానే అంది. హిమజ మంచి పిల్ల, తగువెందుకని, "పోనీలే, నేను బాబాయి సీటుకు పోతా. మీరిద్దరూ ఈడ కూచోండి," అంది. నాగూర్ వలి మొహం వెలిగిపోయింది. కిటికీ వైపు జరగబోయాడు.

"ఆగు," అంది షాహిదా. "ఆ కిటికీ నాది. నేనే కూచుంటా."

ఆయన తెల్లబోయాడు. "ఏందే నువ్వనేది? నాకు కడుపులో తిప్పుద్దని తెలవదా?"

"తెలుసు. ఇన్నేళ్ళూ తెలుసుకునే ఉన్నా. ఈ ఒక్కసారి నన్ను కూచోనీయయ్యా. నువ్వు నా పక్కన కూచో."

"కిటికీ లేనప్పుడు ఈడ కూచుంటే ఏంది, ఆడ కూచుంటే ఏంది!" తువ్వాలు లాక్కుని, అలిగిన పెళ్ళికొడుకులా వెనక్కి వెళ్ళిపోయాడు. హిమజ సంచి తీసి షాహిదా చేతికిచ్చి, తన సీట్లో తాను కూర్చుంది.

విమానం లేచింది. ఇళ్ళు అగ్గిపెట్టెలయ్యాయి, చెరువులు గిన్నెల్లో నీళ్ళయ్యాయి. షాహిదా అద్దానికి నుదురు ఆనించి చూసింది. ఇంత లోకాన్నా ఒక భుజం అడ్డమొచ్చి దాచింది అనుకుంది. కోపం కాదు, దిగులు. మంచినీళ్ళ కోసం సంచిలో చెయ్యి పెట్టింది. నిమ్మకాయ తగిలింది.

అంతే, పై ప్రాణాలు పైనే పోయాయి. నిమ్మకాయ ఇక్కడుంటే ఆయనేమైపోతున్నాడు? ఎవరి మీద కక్కుకున్నాడో, ఎవరు తిడుతున్నారో! "కుదుపులని బెల్టు లైటు మళ్ళా ఏశారు, ఆరేదాకా లేవగూడదు పిన్నీ," అని హిమజ చెయ్యి పట్టుకుంది. కింద సముద్రం మొదలైంది. పుట్టి బుద్ధెరిగాక చూడని సముద్రం, అయినా కంటికి ఆనలేదు. ఒక్క కిటికీ కోసం మొగుణ్ణి నట్టేట వదిలేశానే అని కళ్ళనీళ్ళు తిరిగాయి.

లైటు ఆరింది. నిమ్మకాయ పట్టుకుని లేవబోతుంటే నాగూర్ వలి తనే ఎదురొచ్చాడు. మనిషి నలగలేదు. మొహం నిద్రలేచిన పసివాడిలా ఉంది.

"ఏమే, నాకేం కాలా!" అన్నాడు, పరీక్ష పాసైనంత సంబరంగా. "అటొకడు ఇటొకడు, మధ్యలో నేను. కిటికీ లేదు, గాలి లేదు. హాయిగా నిద్రపట్టింది! ఒక్క తిప్పు తిప్పితే ఒట్టు!"

హమ్మయ్య అనుకుంది షాహిదా. ఊపిరి వదిలింది. వదిలాక ఆయన అన్న మాట మెల్లగా లోపలికి దిగింది.

"కిటికీ లేకపోయినా ఏం కాలా?"

"అబ్బే!"

"మరి ఇన్నేళ్ళూ?"

నాగూర్ వలి నోరు తెరిచాడు. "బస్సంటే..." అన్నాడు. భార్య మొహంలోకి చూశాడు, ఆ వెనక ఉన్న కిటికీని చూశాడు, తల దించుకున్నాడు. సీటు అంచు పట్టుకుని, చిన్న గొంతుతో అడిగాడు.

"ఏం కనపడతందే ఆడ?"

షాహిదా నిమ్మకాయ ఆయన చేతిలో పెట్టి, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

"పోయి నీ సీట్లో కూచో," అంది. "ముందు నన్ను చూడనీ. తర్వాత చెప్తా."