సార్‌కు ఒక ఎస్

"టీ పెట్టు." ఫెబీ రోజూ వినే మాట. ఇంట్లో అత్త అంటుంది, బడిలో మొగుడు ఎజ్రా అంటాడు. రాచర్లలోని ఆ ప్రైవేటు బడిలో ఇద్దరూ టీచర్లే. ఎజ్రా లెక్కలు చెబుతాడు, ఆమె ఇంగ్లీషు. స్టాఫ్‌రూములో స్టవ్ మాత్రం ఆమెదే.

ఆ రోజు బడి నడిపే కరస్పాండెంట్ వచ్చి నాలుగో తరగతి పాఠం వింటాడు. నచ్చితే చెప్పినవాళ్ళకు హైస్కూలు ఇంగ్లీషు ఇస్తాడు. ఫెబీ ఆరేళ్ళుగా అడుగుతోంది. "పెద్దపిల్లల్ని ఆడమనిషేం ఆపుతది?" అని ఎజ్రా ఆరేళ్ళుగా అంటున్నాడు.

ఒకటైతే గోట్, ఎక్కువైతే గోట్స్ అని చెప్పి, ఫెబీ ఇందును బోర్డు దగ్గరికి పిలిచింది. ఇందు రాసింది: ఎజ్రా సార్స్ ఈజ్ కమింగ్. ఫెబీ టీచర్ ఈజ్ కమింగ్.

"ఎజ్రా సార్ ఎంతమందే?"

"ఒక్కరే, టీచర్."

"మరి ఎస్ ఎందుకు పెట్టినావు?"

"సార్ వచ్చినారు అంటాం గదా."

"నేనొస్తే?"

"టీచర్ వచ్చింది."

"మేక గూడా వచ్చింది!" అంది వెనక బెంచీ సుస్మిత. క్లాసంతా నవ్వింది.

ఫెబీ కూడా నవ్వింది. పిల్ల విన్నదే రాసింది. పెళ్ళైన కొత్తలో ఎజ్రా వచ్చాడని నోరు జారితే, "మొగుణ్ణి ఒక్కణ్ణి చేసి మాట్లాడతావా? సంఘంలో ఏమనుకుంటారు?" అంది అత్త. అప్పటి నుంచి ఆయన వచ్చారు, ఆయన తిన్నారు, ఆయన పడుకున్నారు. అంతమందికి వండింది, అంతమంది బట్టలు ఉతికింది. తను మాత్రం ఒక్కతే. వాన వచ్చింది, బర్రె వచ్చింది, ఫెబీ వచ్చింది. మాట ఒకటే.

ఎజ్రా గుమ్మంలోకి వచ్చాడు.

"కరస్పాండెంట్ సార్ ఊళ్ళోకి వచ్చినారంట. పాఠం నేను చెప్తాలే. నువ్వు పోయి టీ పెట్టు." చాక్‌పీసు కోసం చెయ్యి చాపాడు.

ఫెబీ బోర్డు వైపు తిరిగి, సార్ పక్కన ఉన్న ఎస్‌ను అరచేత్తో తుడిచేసింది.

"ఇంగ్లీషులో ఒక్కరంటే ఒక్కరే, పిల్లలూ. ఎంత పెద్ద సారైనా."

"ఏంది ఫెబీ, పిల్లల ముందర?"

"పాఠం. పాలు గిన్నెలో ఉన్నాయి, చక్కెర పై అరలో ఉంది. టీ నువ్వు పెట్టు."

నువ్వు అన్న మాట పిల్లలంతా విన్నారు. ఎవరూ నవ్వలేదు. బయట కారు ఆగింది. ఎజ్రా చెయ్యి ఇంకా చాచే ఉంది. ఆమె చాక్‌పీసు ఇవ్వలేదు.