టైలరమ్మ కొట్లో ఒక కుర్చీ

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. మూడు రోజులుగా అదే వరస. అత్తగారి పక్కబట్టలు పిండి దండెం మీద వేస్తూ కోడలు పైకి చూసింది. కురిస్తే కురవనీ అనుకుంది. పది గంటలకు తను ఇంట్లో ఉండదు.

అత్తగారికి కుడివైపు పడిపోయి నాలుగేళ్లు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు పుండు పడుతుంది. ఆ రెండు గంటల మధ్యే కోడలి నిద్ర, స్నానం, చల్లారిన తిండి ఇరుక్కున్నాయి. "నీ చెయ్యి పడితేగాని అమ్మకు కుదరదు" అనేవాడు భర్త. మొదట్లో పొంగిపోయింది. తర్వాత ఆ మాటే తలుపుకు గొళ్ళెమైంది.

ఆసుపత్రిలో వ్యాయామం చేయించే గది బయట పరిచయమైన ఆడవాళ్లు నలుగురు ఆదివారాలు వాళ్లలో ఒకరైన టైలరమ్మ కొట్లో కలుస్తారు. అందరి ఇళ్లలోనూ మంచాన పడ్డ మనిషి ఒకరున్నారు. కోడలు ఒక్కసారే వెళ్లింది. విసుగొచ్చి మొగుడి కంచం విసిరేశానని టైలరమ్మ చెబితే ఎవరూ అయ్యో అనలేదు. "నేనైతే గ్లాసు" అంది ఇంకొకామె. కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. ఆ నవ్వు వారమంతా ఆమె నడుముకు ఊతమైంది. ఆ తర్వాత మూడు ఆదివారాలు ఇల్లు కదలనివ్వలేదు. "నీ కుర్చీ ఎవరికీ ఇవ్వలేదే" అంది నిన్న టైలరమ్మ ఫోనులో.

ఈ పూట అత్తయ్యను మీరు చూసుకోండి అంది కోడలు. "నాకున్నది ఆదివారం ఒక్కటే సెలవు" అన్నాడు భర్త పేపరు దించకుండా.

"మీకు ఒక్కటైనా ఉంది. ఇలా రండి."

మంచం దగ్గరికి తీసుకెళ్లింది. "మనిషిని లాగకూడదు. కింద దుప్పటి అంచు పట్టి లాగాలి."

"అమ్మ సిగ్గుపడుతుందే."

మంచం మీంచి ముద్దముద్దగా మాటలొచ్చాయి. "నీ ముడ్డి కడిగిందాన్రా. నాకేం సిగ్గు? పట్టు దుప్పటి." కోడలి వైపు కళ్లు తిప్పింది. "నువ్వెళ్లవే. గొడుగు మర్చిపోకు."

మొదటిసారి లాగితే దిండొచ్చింది. రెండోసారికి అమ్మ వచ్చింది.

కోడలు తిరిగొచ్చేసరికి ఒంటిగంట. అత్తగారు కిటికీ వైపు తిరిగి ఉంది. భర్త చొక్కా చెమటతో తడిసింది. అతను వండిన అన్నం కాస్త మెత్తబడింది. మంచం పక్కనే మూడు కంచాలు.

"ప్రతి వారం వెళ్తావా?"

"వెళ్తాను. రేపట్నుంచి సాయంత్రం తిప్పడం కూడా మీదే."

అతను ఏదో అనబోయాడు. ఈలోగా తల్లి నోరు తెరిచింది. చెంచా అందించాడు. నాలుగేళ్లలో మొదటిసారి కోడలి వేళ్లకు అన్నం కాలింది.