పెద్ద బీ, చిన్న బీ

మృత్యుంజయకి అంకెలంటే భయం లేదు. కలకత్తా గార్డెన్ రీచ్ రేవులో క్రేను కింద నిలబడి, పైనున్న డ్రైవరుకి చేతిసైగలు చెయ్యడం ముప్ఫయ్యేళ్లుగా అతని పని. ఏ బరువు ఎన్ని టన్నులో జేబులోని చిన్న పుస్తకంలో తెలుగులో రాసుకున్నాకే చెయ్యి లేపుతాడు. అలాంటి మనిషి తప్పు సైగ చేసి తోటి కళాసీ గవరయ్యని చంపేశాడని కంపెనీ తేల్చబోతోంది. కర్ర ఉన్నవాడిదే బర్రె. క్రేను బ్రేకు పట్టడం లేదని నెల రోజులుగా కూలీలు మొత్తుకున్న సంగతి ఏ కాగితంలోనూ లేదు. బస్తీలో నిన్నటిదాకా పలకరించినవాళ్లు కూడా ఇప్పుడు అతన్ని చూసి మొహం తిప్పుకుంటున్నారు.

కానీ గవరయ్య ఫోను ఉంది. శ్రీకాకుళంలో ఉన్న తల్లికి ఓడ చూపించాలని, ఆ రోజు ఫోనుని బస్తాలమీద నిలబెట్టి వీడియో తీసుకున్నాడు. మృత్యుంజయ చెయ్యి 'ఆపు' అని చూపిస్తూనే ఉంది, గవరయ్యమీదికి ఇనుప కట్ట దిగుతూనే ఉంది. అంతా అందులో పడింది. ఆ ఫోనుతోనే గవరయ్య భార్య జగ్గమ్మ కర్మకని ఊరెళ్లింది. ఊళ్లో సిగ్నలు మాటలకే చాలదు, వీడియో ఏం పంపుతుంది? విచారణ కమిటీవాళ్లేమో, సాక్ష్యం ఏదైనా కత్తిరించని అసలు ఫైలే కావాలి, శుక్రవారం సాయంత్రం అయిదులోపు మా వెబ్‌సైటులో పెట్టాలి అన్నారు.

మృత్యుంజయ ముందురోజే శ్యామసుందర్ నెట్ దుకాణానికి వెళ్లి, గోడమీది బోర్డు చూసి పుస్తకంలో రాసుకున్నాడు. పంపే వేగం, సెకనుకి పది ఎంబీ. జగ్గమ్మ ఊరినుంచి ఫోను చేసి ఫైలు మూడు జీబీ ఉందని చెప్పింది. అంటే మూడు వేల ఎంబీ. పదితో భాగిస్తే మూడు వందల సెకన్లు, అంటే అయిదు నిమిషాలు. రెండుసార్లు లెక్క చూసుకుని, రెండుసార్లూ ఒకటే వచ్చాక కంటినిండా నిద్రపోయాడు.

శుక్రవారం జగ్గమ్మ రైలు షాలిమార్ స్టేషనుకి ఆలస్యంగా వచ్చింది. ఇద్దరూ దుకాణం చేరేసరికి నాలుగుంపావు. ఉన్నది ఒకే కంప్యూటరు, అదృష్టవశాత్తూ ఖాళీగా ఉంది. మృత్యుంజయ కుర్చీ లాక్కుంటుంటే పుష్పరాణి రొప్పుతూ వచ్చింది. కార్పొరేషన్‌లో వీధులూడ్చే వాళ్ల అమ్మాయి, బస్తీలో అందరికీ తెలిసిన పిల్ల.

"మామా, నా దరకాస్తుకి ఇయ్యాలే ఆకరు. నాది ముందు కానిస్తావా?"

జగ్గమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది. "వొద్దన్నా. ముందు మనది అయిపోనీ."

"మనది అయిదు నిముసాల పని సెల్లీ. దాని బతుకు దాన్ని సూసుకోనీ."

పుష్పరాణికి పావుగంట పట్టింది. దండం పెట్టి వెళ్లిపోయింది. సరిగ్గా నాలుగున్నరకి శ్యామసుందర్ ఫోనుని కంప్యూటరుకి తగిలించి ఫైలు ఎక్కించడం మొదలుపెట్టాడు. అయిదు నిమిషాలు గడిచాయి. తెరమీద నూటికి పన్నెండు అని ఉంది.

"దాదా, ఇదేటి, ఆగిపోనాదా?" కంగారులో తెలుగులోనే అడిగేశాడు మృత్యుంజయ.

ఆగలేదు, సరిగ్గానే వెళుతోంది అన్నాడు శ్యామసుందర్ బెంగాలీలో. మృత్యుంజయ పుస్తకం తీసి తన లెక్క చదివి వినిపించాడు. శ్యామసుందర్ విని, బోర్డుమీది అక్షరం ఒకటి, తెరమీద ఫైలు పక్కనున్న అక్షరం ఒకటి వేలితో చూపించాడు. బోర్డుమీది బీ చిన్నది, బిట్టు. ఫైలు పక్కనున్న బీ పెద్దది, బైటు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. నీ పని అయిదు నిమిషాలది కాదు దాదా, నలభై నిమిషాలది అన్నాడు.

మృత్యుంజయ పుస్తకంలోకి చూసుకున్నాడు. రెండు చోట్లా తన చేత్తో రాసుకున్నది ఒకే బీ. తెలుగులో పెద్ద బీ, చిన్న బీ ఎక్కడున్నాయి? పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రం చదివాడు. ఎనిమిది రెట్లు తేడా ఉన్న కొలతలకి ఒకే అక్షరం పెట్టిన మహానుభావుడి చేతులు పడిపోను!

నలభై నిమిషాలంటే అయిదూ పది అవుతుంది. రాగానే కూర్చుని ఉంటే అయిదుకి అయిదు నిమిషాల ముందే అయిపోయేది. ఈ లెక్క మాత్రం అతనికి పుస్తకం అక్కర్లేకుండానే వచ్చింది.

ఇక చెయ్యగలిగింది ఏమీ లేదు. ముగ్గురూ తెర చూస్తూ కూర్చున్నారు. యాభై అయింది. అరవై అయింది. జగ్గమ్మ పెదవులు కదుపుతూ ఏదో దేవుడికి మొక్కుకుంటోంది. డెబ్బై దగ్గర మృత్యుంజయ లేచి నిలబడ్డాడు, నిలబడితే తొందరగా వెళుతుందన్నట్టు. డెబ్బై అయిదు దగ్గర, ఫైలు ఎంత వెళ్లిందో చూపే గీత ఆగిపోయింది. గడువు ముగిసింది అని తెరమీద ఒక ఎర్ర మాట వచ్చింది. శ్యామసుందర్ మళ్లీ మళ్లీ నొక్కి చూశాడు. మూసిన తలుపు మూసినట్టే ఉంది.

"నాను సూసినాను గదా అన్నా," అంది జగ్గమ్మ. "నీ సెయ్యి ఎత్తే ఉంది. ఆయన్ని నువ్వు సంపనేదు. ఆల్లు ఏటి రాసుకుంటే మనకేటి?"

"ఆ దినం నాను తప్పు సైగ సెయ్యనేదు సెల్లీ." మృత్యుంజయ పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. "ఇయ్యాల సేసినాను. నువ్వు సెయ్యి పట్టుకుని ఆపినా ఇననేదు."

జగ్గమ్మ ఫోను తీసుకుని కొంగులో ముడివేసుకుంది. కాదని మాత్రం అనలేదు.