ఆ గోళీ పేరేంది?

ఉప్పలమ్మ వడ్లు ఆరబోసే గచ్చు మీద కూలబడిన పొద్దున మందుల కంపెనీ మనిషి భాస్కర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. వచ్చి ముందు తన చేతిలోని జాబితా చూశాడు. తరువాత ఆమెను చూశాడు. ఆమె కళ్ళు పసుపులో ముంచి తీసినట్టున్నాయి. పెదవుల పక్కన నురుగు.

"ఈవిడ మా లిస్టులో లేదండీ," అన్నాడు. అని హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

చుట్టూ పద్దెనిమిది మంది ఆడకూలీలు నిలబడి ఉన్నారు. వాళ్ళ ముఖాల్లో దుఃఖం కన్నా ముందు భయం కనిపించింది. ఆ భయం దేనికో నాకు అప్పుడు తెలియలేదు. నా భయం మాత్రం నాకు బాగా తెలుసు.

నేను మిర్యాలగూడలో ఆ రైసుమిల్లు గుమస్తా వీరేశం భార్యను. పేరు గీత. సూర్యాపేట కాలేజీలో బీయస్సీ చదివాను. ఆ చదువు పప్పుల డబ్బాల మీద పేర్లు రాయడానికి బాగా పనికొచ్చింది. మిల్లు ఆవరణలోనే మా కిరాయి లేని ఇల్లు. ఆడకూలీలు మా నల్లా దగ్గర నీళ్ళు తాగేవాళ్ళు, నాతో ముచ్చట్లు పెట్టేవాళ్ళు, వచ్చిన కాగితాలు చదివించుకునేవాళ్ళు.

ఆ ఏడాది, అంటే 2010లో, వానలు మొదలయ్యే నెలలో మిల్లు యజమాని సేటు ఒక శిబిరం పెట్టించాడు. తవుడు దుమ్ముతో దగ్గే ఆడవాళ్ళకు కొత్త మందు, అంతా ఉచితం అన్నారు. ఒక్కొక్కరికి ఒక తెల్లడబ్బా. దాని మీద మందు పేరు లేదు, నంబరు ఒక్కటే ఉంది. నెలకోసారి సూది గుచ్చి నెత్తురు తీసుకుపోతారు. గోళీలు అయిపోయాక ఖాళీ అట్టలు తిరిగి ఇచ్చేయాలి. వేలిముద్ర వేసే ముందు జట్టు పెద్ద సరోజన పదకొండు పేజీల ఇంగ్లీషు కాగితం నా దగ్గరికి తెచ్చింది. పొయ్యి మీద పాలున్నాయి. మొదటి పేజీ మీద గుండ్రటి ముద్ర చూశాను. ముద్ర ఉంది కదా, వేయి అన్నాను. పాలు పొంగలేదు. ఆ సంగతి మాత్రం ఈ రోజుకీ బాగా గుర్తుంది.

ఉప్పలమ్మను తీసుకోలేదు. వయసు ఎక్కువ, రక్తపోటు ఉంది అన్నారు. జట్టులో అందరికన్నా ఎక్కువ దగ్గేది ఆమే.

ఇప్పుడు ఆమెను ఆటోలో వేసుకుని సర్కారు దవాఖానకు తీసుకుపోయాము. అక్కడి డాక్టరు కుర్రవాడు, కళ్ళకింద నల్లటి చారలు. కాలేయం పాడైంది, ఏ మందు మింగింది అని అడిగాడు. సరోజన తన తెల్లడబ్బా చూపించింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, నంబరుకు వైద్యం చేయడం నాకు రాదమ్మా అన్నాడు. పేరు తెలిస్తే దేన్ని ఆపాలో, దేన్ని ఇవ్వాలో చూస్తాను, ఊరికే ఏదో ఒకటి ఇస్తే అదే చంపొచ్చు అన్నాడు. ఇలాగే ఉంటే మనిషి రెండు రోజులు, మహా అయితే మూడు అన్నాడు.

బయట వేపచెట్టు కింద సరోజనను పట్టుకుని అడిగాను, లిస్టులో లేని మనిషికి ఆ గోళీలు ఎక్కడివి అని. ఆమె కొంగు అంచు నలుపుతూ చెప్పింది.

ఆ జట్టుకు ఒక అలవాటుంది. సద్ది తెచ్చుకోని మనిషి ఉంటే తలా ఒక ముద్ద ఆమె గిన్నెలో వేస్తారు. అందువల్ల ఏమీ తేని మనిషే ఆ పూట అందరికన్నా కడుపునిండా తింటుంది. డబ్బా రాని ఉప్పలమ్మకూ అదే జరిగింది. సరోజన అప్పుడప్పుడు తన గోళీల్లోంచి ఆమెకు ఒకటి పెట్టేది. తను ఒక్కతే పెడుతున్నాననుకుంది. జట్టులోని నవనీత కూడా అలాగే అనుకుంది. తక్కిన వాళ్ళూ అలాగే అనుకున్నారు. ముసలామె ఎవరు పెట్టినా కాదనకుండా, ఎవరి మనసూ నొప్పించకుండా మింగింది. రోజుకు మూడు, నాలుగు. ఖాళీ అట్టలు మాత్రం లెక్క తప్పకుండా కంపెనీకి చేరాయి.

మేము భాస్కర్ దగ్గరికి పోయాము. సరోజన ఉన్నది ఉన్నట్టు చెప్పబోయింది. అతను సగంలోనే చేయి అడ్డం పెట్టాడు. మందు పేరు తనకూ తెలియదట, అది తాళం వేసిన రహస్యమట, లిస్టులో ఉన్నవాళ్ళ కోసం తప్ప తెరవరట. ఆ తరువాత గొంతు తగ్గించి అన్నాడు.

"మీ మంచికే చెప్తున్నాను. నమోదు కాని మనిషికి మందు పెట్టడం నేరం. ఆవిడకేమన్నా అయితే కేసు మీ మీద పడుద్ది. గమ్మున ఉండండి."

మధ్యాహ్నం సద్ది వేళ అందరూ మా పెరట్లో కూర్చున్నారు. గిన్నెలు మూత తీయలేదు. వీరేశం వచ్చి, గేటు పక్కన నిలబడి, పొయ్యి మీద ఏమన్నా మాడుతుందా అన్నట్టు గాలి పీల్చి, నన్ను లోపలికి పిలిచాడు. ఇల్లు పోతుంది, ఉద్యోగం పోతుంది, మళ్ళీ సూర్యాపేటలో మా అన్న వాకిట్లో పడాలి అన్నాడు. అబద్ధమేమీ కాదు. మా వదిన వాకిలి నాకు తెలుసు. అయినా బీరువాలోంచి ఆ పదకొండు పేజీలు తీశాను. సరోజన తన కాగితం నా దగ్గరే దాచుకుంది. ఆరు నెలలుగా నా పట్టుచీర కింద పడి ఉంది.

పెరట్లో గొడవ మొదలైంది. నవనీతకు ఇద్దరు చిన్నపిల్లలు. ఆమె ఏడుస్తూనే పోట్లాడింది.

"మనం పెట్టినమని సెప్తే మనమే సంపినట్టయితది అక్కా. జేలుకు పోతే నా పిల్లలను ఎవరు సూస్తరు?"

"సెప్పకపోతే నిజంగనే సంపినట్టయితది," అంది సరోజన. "గా ముసల్ది ఒక్క తీరుగ నన్ను బిడ్డా బిడ్డా అని పిలిసింది. ఇగ నువ్వే సెప్పు, ఏం జేద్దాం."

అప్పుడు నేను చదవడం మొదలుపెట్టాను. ఒక్కొక్క వాక్యం తెలుగులో చెబుతూ పోయాను. సగం డబ్బాల్లో మందే ఉండదని, ఉత్త పిండి గోళీలని నాలుగో పేజీలో ఉంది. సరోజన నోరు తెరిచింది.

"అంటే ఆరు నెల్లు నాకు పిండి తినిపిచ్చిండ్రా? ఇంట్ల లేకనా?"

అంత భయంలోనూ ఎవరో కిసుక్కున నవ్వారు. ఏడో పేజీ చదివేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. ప్రాణం మీదికి వస్తే మందు పేరు డాక్టరుకు వెంటనే చెప్పి తీరాలి. ఎనిమిదో పేజీ: హాని జరిగితే వైద్యం ఖర్చు కంపెనీదే. తొమ్మిదో పేజీ: ఎప్పుడైనా సరే నెత్తురు ఇవ్వనని చెప్పవచ్చు, ఎవరూ బలవంతం చేయకూడదు. ఆఖరి నెత్తురు తీసేది గురువారం. బీయస్సీ ఇప్పటికి ఒక్కసారి పనికొచ్చింది. ఆఖరిది లేకపోతే అయిదు నెలల నెత్తురూ కంపెనీకి నీళ్ళతో సమానమని వాళ్ళకు చెప్పాను.

"గురువారమంటే రేపే గదా," అంది సరోజన. గిన్నె మూత తీసింది. "తినుండ్రి. రేపు శక్తి గావాలె."

నవనీత కళ్ళు తుడుచుకుని కోదాడకు ఫోను చేసింది. అక్కడ మిల్లులో ఆమె చెల్లెలు పనిచేస్తుంది. అక్కడా తెల్లడబ్బాలే ఇచ్చారు.

గురువారం పొద్దున్నే వ్యాను వచ్చింది. బల్ల వేశారు, సూదులు పేర్చారు, నెత్తురు సీసాల కోసం మంచు నింపిన పెట్టె తెరిచారు. పద్దెనిమిది మంది గచ్చు మీద కూర్చుని చేతులు కొంగుల్లో దాచుకున్నారు. నేను ఆరబోసిన వడ్ల అంచున నిలబడ్డాను. పిలిచిన నంబరు పలకలేదు. మళ్ళీ పిలిచారు.

"గోళీ పేరేంది?" అంది సరోజన.

భాస్కర్ నవ్వాడు. రెండో నంబరు పిలిచాడు. రెండో ఆమె కూడా అదే అడిగింది. మూడో ఆమె గొంతు కీచుగా వచ్చింది గానీ అడిగింది. తొమ్మిదో నంబరు దాటాక భాస్కర్ నవ్వడం మానేశాడు. సేటు వచ్చి అరిచాడు, రేపటి నుంచి పని లేదన్నాడు. ఆవరణలో వడ్ల కుప్పలున్నాయి, నింపాల్సిన లారీ వాకిట్లో ఉంది. ఆ మాట అన్నాక ఆయనే లారీ వైపు చూశాడు.

సేటు పిలిపిస్తే ఎస్సై వచ్చాడు. గోళీలు ఎవరు పెట్టారో పేరు చెప్పమన్నాడు, ఒక్క పేరు చాలన్నాడు. లాఠీ చివరతో గచ్చు మీద మెల్లగా కొడుతున్నాడు. నవనీత నా చీర చెంగు పట్టుకుంది. ఆమే ముందు లేచింది.

"నేను పెట్టిన సారూ."

సరోజన లేచింది. "నేను పెట్టిన. రాసుకో." ఆ తరువాత గచ్చు మీద కూర్చున్న వాళ్ళెవరూ మిగల్లేదు. ఎస్సై తన కాగితం వైపు, వాళ్ళ వైపు చూసి కలం జేబులో పెట్టుకున్నాడు. వడ్ల అంచు దాటి వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడ్డాను. కాగితం చదవకుండా వేలిముద్ర వేయించింది నేనని, నా పేరు కూడా రాయమని చెప్పాను.

ఎండ ఎక్కింది. పెట్టెలో మంచు కరిగి అడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. భాస్కర్ ఆ నీళ్ళనే చూస్తూ ఫోను చేశాడు. మళ్ళీ చేశాడు. మూడోసారి గోడ వైపు తిరిగి చాలాసేపు మాట్లాడాడు. చివరికి ఒక చీటీ మీద ఏదో రాసి తెచ్చాడు. నాకు ఎందుకో జాలి వేసింది, అతనిదీ ఎవరో ఇచ్చిన ఉద్యోగమే.

ఆ చీటీ దవాఖానకు ఎవరు తీసుకుపోవాలి? గేటు దగ్గర మోపెడ్ చప్పుడైంది. వీరేశం. నా వైపు చూడకుండా చీటీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఇల్లు పోతుందని భయపడే మనిషి అంత వేగంగా బండి నడపగలడని పెళ్ళయిన పదహారేళ్ళలో నాకు తెలియదు.

అరగంటకు ఫోను చేశాడు. డాక్టరు చీటీ చూసి, రాత్రి జ్వరం పెరిగితే తప్పక మొదలుపెట్టిన మందు వెంటనే ఆపించాడట. ఒంట్లో ఉన్న గోళీ మందూ అదీ కలిసి ఇంకో రోజు నడిస్తే మనిషి దక్కేది కాదట. హైదరాబాదు పంపాలి అన్నాడట.

భాస్కర్ సూది తీసుకున్నాడు. "చెప్పాను కదండీ. ఇక చేతులు చాపండి."

"ఎనిమిదో పేజీ ఉన్నది సారూ," అంది సరోజన. "ముందు గా ముసల్దాన్ని పట్నం దవాఖానల పెట్టి, ఖర్సు మాదే అని కాయితం రాసియ్యి. అప్పటిదాంక ఒక్క సుక్క గూడ ఇయ్యం."

వైద్యుల పనికి అడ్డుపడ్డారని సరోజననూ నన్నూ జీపు ఎక్కించారు. జీపులో ఆమె నా చేయి పట్టుకుంది. ఎవరి చేయి ఎవరికి ధైర్యమో చెప్పలేను.

స్టేషన్లో బెంచీ మీద కూర్చోబెట్టారు. సద్ది వేళ దాటింది, మా దగ్గర గిన్నెలు లేవు. వాకిట్లో అలికిడైంది. పదిహేడు మంది వరుసగా లోపలికి వచ్చారు. కానిస్టేబుల్ ఆపబోయి ఊరుకున్నాడు. నవనీత రెండు ఖాళీ గిన్నెలు మా ఒళ్ళో పెట్టింది. ఒక్కొక్కరే వంగి తలా ఒక ముద్ద వేశారు. పచ్చి పులుసు, తొక్కు, పప్పు అన్నీ కలిసిపోయి గిన్నెలు పొర్లాయి. నా జన్మలో అంత అన్నం ఎప్పుడూ తినలేదు.

"ఉప్పలమ్మత్త నీళ్ళు అడిగిందంట," అంది నవనీత ఆఖరి ముద్ద వేస్తూ. "మేమెవ్వలం చేతులు సాపకపోయేసరికి కంపెనోళ్ళు అంబులెన్సు పంపిండ్రు. కాయితం రాసిచ్చిండ్రు."

సరోజన తల వంచుకుని అన్నం కలుపుతూ ఉండిపోయింది.

సాయంత్రం కోదాడ బస్సు స్టేషన్ ముందే ఆగింది. నవనీత చెల్లెలు దిగింది. ఆమె వెనక నేనెప్పుడూ చూడని ఆడవాళ్ళు, దుమ్ము కొట్టుకున్న పైటలతో, దగ్గుతూ దిగారు. వాళ్ళ ముఖాల్లోనూ అదే భయం. ఒక్కొక్కరి చేతిలో ఒక తెల్లడబ్బా. లోపలికి వచ్చి ఎస్సై బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టసాగారు. ఆయన ముందు ఫైలు జరిపాడు, తరువాత టోపీ జరిపాడు, తరువాత టీ గ్లాసు చేత్తో పట్టుకున్నాడు. బల్ల మీద ఇంకేమీ పట్టేలా లేదు.

మొదట వచ్చిన ఆమె పైట సర్దుకుని ఎస్సైని అడిగింది.

"సారూ, ఈ గోళీ పేరేంది?"