దీపం వెలిగింది కదా!

నేను ఒక కేబుల్‌ని. స్తంభాల మీద కాకులకు ఊయలయ్యే రకం కాదులెండి. ఉప్పాడకు ఎదురుగా సముద్రంలో, ఇరవై నిలువుల లోతున, బురదలో పడుకున్నదాన్ని. మనిషి తొడంత లావు. నా కడుపులో తీగలు, నూనె పారే సన్నని గొట్టాలు. పైన ప్లాట్‌ఫారం మీద బటన్ నొక్కితే ఆ నూనె వెనక్కి వెళ్తుంది, కింద గ్యాస్ బావి తలుపు మూసుకుంటుంది. నా బతుక్కి ఉన్న పని అదొక్కటే.

నన్ను చూడటానికి డైవర్ మైలపల్లి దానయ్య దిగేవాడు. ఉప్పాడ మనిషి. పడవ ఎక్కేముందు దాని ముక్కు తాకి దండం పెట్టుకున్నట్టే, పని మొదలెట్టేముందు నన్ను మూడుసార్లు తట్టేవాడు. "ఏమే తల్లీ, బాగున్నావా?" అనేవాడు. అంత చీకట్లో నన్ను పలకరించింది అతనొక్కడే.

ఒక వానాకాలం ఏదో ఓడ లంగరు నా మీదుగా ఈడ్చుకుపోయింది. పైతోలు బాగానే ఉంది. లోపల నూనె గొట్టం ఒకటి నొక్కుకుపోయింది. అలాంటివి పట్టుకోవడానికే మూడు నెలలకోసారి తలుపు నిజంగా మూసి చూడాలని రూలు. కానీ ఒకసారి మూస్తే గ్యాస్ మళ్ళీ దారిన పడేసరికి ఒక పూట పోతుంది. అందుకని సేఫ్టీ ఆఫీసర్ వేణుమాధవ్ గారు కూడా, తన ముందువాళ్ళలాగే, మూయకుండానే "మూశాం, మూసుకుంది" అని పుస్తకంలో రాసి సంతకం పెట్టేవారు. చెడ్డమనిషి కాదండీ. రెయిలింగ్ పట్టుకోకుండా మెట్లు దిగితే ఎవర్నైనా కేకలేసేవారు.

ఆ మాఘమాసంలో బావి దగ్గర పైపు బిగింపు మార్చడానికి దానయ్య దిగాడు. తలుపు మూసుకున్నాకే ఆ బోల్టులు విప్పాలి. పైన బటన్ నొక్కారు. వాళ్ళవైపు నూనె తగ్గింది, తలుపు మూసుకుందని చెప్పే దీపం వెలిగింది. నొక్కుకుపోయిన చోటికి ఇవతల, బావివైపు మాత్రం నూనె అలాగే నిలబడిపోయింది. తలుపు తెరిచే ఉంది. నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరేదీ?

దానయ్య నన్ను తట్టి, పైపు మీద అరచెయ్యి ఆనించాడు. హెల్మెట్ ఫోనులో అన్నాడు:

"మూసుకోలేదండి బాబూ. ఇంకా అదురుతుందండి."

"ఏంటి దానయ్యా, పెళ్ళిచూపులా? ఎంతసేపు తడుముతావ్!" అన్నారు పైనుంచి వేణుమాధవ్ గారు. "ఇక్కడ దీపం వెలిగింది కదా, కానియ్."

"ఆయ్, దీపం సంగతి నాకు తెల్దండి. చేతికి తెలుస్తుందండి."

"ఇంతమందిమి చూస్తున్నామయ్యా! నీ చెయ్యొక్కటే తెలివైందా?"

దానయ్య ఇంకోసారి పైపు మీద చెయ్యి ఆనించాడు. తర్వాత రెంచి తీశాడు.

నాలుగో బోల్టుకు బావి ఒక్కసారిగా ఊపిరి వదిలింది. ఆ తర్వాత నా మీద పడిన చెయ్యి తట్టలేదు. పట్టుకుంది. మెల్లగా వదిలేసింది.

విచారణలో దానయ్య హెల్మెట్ కెమెరా వీడియో అందరికీ చూపించారు. నన్ను పైకి లాగి కోశారు. ఇప్పుడు నేను కాకినాడలో ఒక ట్రైనింగ్ హాల్లో బల్ల మీద బారెడు ముక్కని. పాఠం చెప్పేది వేణుమాధవ్ గారే. "దీపాన్ని కాదు, దిగినవాణ్ణి అడగండి" అంటారు. అందరూ రాసుకుంటారు. మనుషులు రాసుకోవడంలో గట్టివాళ్ళు.

వాళ్ళు భోజనానికి వెళ్ళాక ఆయన ఒక్కరే ఉండిపోతారు. నన్ను మూడుసార్లు తడతారు. అరచెయ్యి ఆనించి, "మూసుకుందా దానయ్యా?" అని అడుగుతారు.

నాలో నూనె లేదు, కరెంటు లేదు. అయినా ఆయన చేతి కింద ఏదో అదురుతుంది. గబుక్కున చెయ్యి తీసేస్తారు.